పేరు పెట్టారు సరే, సూది వేయించారా?

కుక్కపిల్ల కొత్తగా వచ్చిన ఇంటిని వీధి చివరి నుంచే గుర్తుపట్టేయవచ్చు. గుమ్మం ముందు అరడజను జతల చిన్న చిన్న చెప్పులుంటాయి. లోపల నామకరణ మహోత్సవం జరుగుతూంటుంది. టామీ అని ఒకడు, జిమ్మీ అని ఒకతె, కాదు సింబా అని మూడోవాడు. మర్నాటికి మెడలో ఎర్ర పట్టీ, దానికో చిరుగంట, దిష్టి తగలకుండా కాలికి నల్లతాడు. వారం తిరగకుండా దానికంటూ ఒక స్టీలు గిన్నె, పడుకోవడానికి మెత్తగా మడతపెట్టిన పాత నేత చీర. మా గద్వాలలో పాత చీరలకు కొదవేమిటి!

ఈ ముచ్చట్లన్నీ చూసి, మెచ్చుకోవలసినంతా మెచ్చుకుని, ఇచ్చిన కాఫీ తాగేసి, లేచేటప్పుడు నేనొక మాట అడుగుతాను, "సూది వేయించారా?" అని.

అంతే. అప్పటిదాకా నవ్వుతున్న ముఖాలు ఒక్కసారి ముడుచుకుపోతాయి. పేరంటానికి వచ్చి పాత బాకీ ఎత్తినదాన్ని చూసినట్టు చూస్తారు నన్ను. ఆ తర్వాత వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చేశాయి. ఏ వీధికి వెళ్ళినా అవే.

"ఇంత పిల్లకు ఏం సూదులక్కా? పెద్దగయినంక చూద్దాం."

"ఇది మన దేశం కుక్క. గట్టి పానం. దీనికేమైతది?"

"గడప దాటనియ్యం గదా. ఇంట్లనే ఉంటది."

ఇక నాలుగోది ఇంటాయన పేపరు మడుస్తూ చెప్పేది. "కుక్కకు కూడా వేలకు వేలు పోస్తారుటండీ ఎవరైనా?"

నేను డాక్టర్ని కాను. చదివింది బి.ఏ., చేసేది నవలలు రాయడం. అయినా ఈ నాలుగు జవాబులూ విని ఊరుకోవడం నా వల్ల కావడం లేదు. ఎందుకంటే ఇవి తెలియనితనంతో అనే మాటలు కావు. అడిగితే చెప్పేవాళ్ళు ప్రతి మండలంలోనూ పశువుల ఆసుపత్రిలో ఉన్నారు. గొర్రెలకూ బర్రెలకూ ఏ నెలలో ఏ టీకా వేయించాలో మా నడిగడ్డ రైతుకు పంచాంగం కన్నా బాగా తెలుసు. గొర్రె పోతే డబ్బు పోతుంది కదా! కుక్కపిల్ల పోతే పోయేది పిల్లల ఏడుపొక్కటే అని మన లెక్క. ఆ లెక్క ఎంత తప్పో చెప్పడానికే ఈ రాత.

మొదటి జవాబు తీసుకుందాం. "ఇంత పిల్లకు సూదులేమిటి?" అని అడిగే తల్లిని నేను తిరిగి ఒకటే అడుగుతాను. నీ బిడ్డకు మొదటి టీకా ఎప్పుడు వేయించావమ్మా? పుట్టిన మర్నాడే కదా, పురిటి ఆసుపత్రిలోనే! వాడు మీసాలొచ్చాక చూద్దాం అనుకోలేదు కదా!

పసిగుడ్డుకు తొలిపాలు ఎందుకు పట్టించాలో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. తల్లి కుక్క పాలలోనూ అదే సుగుణం ఉంది. పుట్టిన మొదటి రోజు తాగిన ఆ పాలలోంచి తల్లికున్న రక్షణ పిల్లలకు వస్తుంది. కాని అది అప్పు తెచ్చుకున్న సొమ్ములాంటిది. నెలన్నర నుంచి నాలుగు నెలల లోపు ఎప్పుడో అయిపోతుంది. ఏ పిల్లకు ఏ రోజున అయిపోతుందో బయటికి కనబడదు. పైగా ఆ తల్లి రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం వేసిన టీకాను కూడా పనిచేయనివ్వదు. అందుకే డాక్టర్లు ఒక్క సూదితో సరిపెట్టరు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది వేసి, అక్కడి నుంచి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున, పిల్లకు నాలుగు నెలలు నిండేదాకా వేస్తారు. మూడో నెల నిండాక రేబీస్ టీకా, డాక్టరు చెప్పిన గడువుకు దానికి మరో మోతాదు, ఆ తర్వాత ఏటేటా. అంతకు ముందే నులిపురుగులకు మందు తాగిస్తారు. "ఒకటి వేయించాం కదా, ఇంకెన్ని?" అని మధ్యలో మానేసేవాళ్ళు, ఇంటికి మూడు గోడలు కట్టి తాళం వేసుకున్నట్టే.

పెద్దయ్యాక చూద్దాం అనుకునే ఆ నాలుగు నెలలే కుక్కపిల్లకు గండం. పెద్దవడమన్నది ఆ గండం దాటిన వాటి మాట.

రెండోది, దేశవాళీ కుక్క గట్టి పిండమన్న మాట. వీధిలో తిరిగే పెద్ద కుక్కల్ని చూసి ఈ మాట అంటారు. అవి బతికి బట్టకట్టినవి. ఒక ఈతలో ఆరు పిల్లలు పుడితే, వానాకాలం పోయేసరికి ఆ తల్లి వెంట ఎన్ని తిరుగుతున్నాయో ఎవరైనా లెక్కపెట్టారా? మిగిలినవి ఏ కాలువ గట్టునో, ఏ చెత్తకుండీ పక్కనో పోయాయి. పోయినవి మనకు కనబడవు కనుక, ఉన్నవాటిని చూసి గట్టివంటున్నాం.

వాటిని తీసుకుపోయేవాటిలో ఒకదాని పేరు పార్వో. 1978లో మొదటిసారి బయటపడి, రెండేళ్ళు తిరిగేసరికి ప్రపంచమంతా చుట్టేసిన జబ్బు. అప్పటికి ఏ దేశపు కుక్కకూ దాన్ని తట్టుకునే శక్తి లేదు. నిన్నటిదాకా గంతులేసిన పిల్ల ఇవ్వాళ గిన్నె ముట్టుకోదు. సాయంత్రానికి వాంతులు, తెల్లవారేసరికి నెత్తుటి విరేచనాలు, రెండు మూడు రోజుల్లో ఒట్టి తోలుసంచి. "దిష్టి తగిలిందమ్మా" అని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తారు. దిష్టికి అంత దుర్వాసన ఉండదు.

ఇంకొకటి డిస్టెంపర్. కళ్ళ నుంచీ ముక్కు నుంచీ చీము కారడంతో మొదలై, ఫిట్స్‌తో ముగుస్తుంది. ఇది కుక్కల దగ్గరే ఆగే జబ్బు కూడా కాదు. ఆఫ్రికాలోని సెరెంగెటి అడవిలో 1994లో సింహాలకు సోకి, మూడింట ఒక వంతు సింహాల్ని తీసుకుపోయింది. మన గుజరాత్‌లో గిర్ అడవిలో 2018 సెప్టెంబరులో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోతే, వాటిలో ఈ డిస్టెంపరే బయటపడింది. ప్రభుత్వం అమెరికా నుంచి టీకా మందు తెప్పించి మిగిలిన సింహాలకు వేయించింది. గిర్ సింహానికి కావలసి వచ్చిన సూది మీ సింబాకు అక్కర్లేదంటారా?

మూడోది, గడప దాటనివ్వమన్న హామీ. సరే, కుక్కపిల్ల గడప దాటదు. మీ చెప్పులు దాటవా? పార్వో పురుగు నేలలో నెలల తరబడి, వీలు కుదిరితే ఏడాది దాకా కూడా బతుకుతుంది. సబ్బునీళ్ళకు చావదు. బ్లీచింగు నీళ్ళయితే చస్తుంది. సంతకు వెళ్ళొచ్చిన చెప్పు, బడికి వెళ్ళొచ్చిన బూటు, సైకిలు చక్రం, ఏదైనా సరే దానికి వాహనమే. గుంతమగ్గం ఉన్న మట్టినేల ఇంట్లో బ్లీచింగు నీళ్ళతో ఏమని కడుగుతారు? ఆ నేల మీదే మగ్గం పక్కన కుక్కపిల్ల పడుకుంటుంది, ఆ నేల మీదే పసిపిల్ల పాకుతుంది. ఇక ఎలుకలు గడప దగ్గర మన అనుమతి అడిగి రావు. ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టో జ్వరం కుక్కకూ వస్తుంది, కుక్క నుంచి మనిషికీ రావచ్చు. ఆ టీకా కూడా ఆ సూదుల వరుసలోనే ఉంది.

ఇంతవరకూ కుక్కపిల్ల ప్రాణం సంగతి చెప్పాను. ఇప్పుడు పిల్లల ప్రాణం సంగతి.

రేబీస్ అనగానే మన కళ్ళముందు కనబడేది నాలుక వేలాడేసుకుని, చొంగ కారుస్తూ వీధెంట పరుగెత్తే పెద్ద పిచ్చికుక్క. అరచేతిలో ఇమిడే కుక్కపిల్ల ఎప్పుడూ కనబడదు. 2025 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ జిల్లాలో ఒక కబడ్డీ ఆటగాడు, ఇరవై రెండేళ్ళవాడు, రేబీస్‌తో చనిపోయాడు. అంతకు కొన్ని వారాల ముందు మురుగుకాలువలో పడ్డ కుక్కపిల్లను పైకి తీశాడతను. అది వేలు కొరికింది. ఆటలో తగిలే దెబ్బల్లో ఇదొకటనుకున్నాడు. సూది వేయించుకోలేదు. జాలిగుండె గల మనిషి, జాలిపడినందుకే పోయాడు. ఆ తల్లి కడుపుకోతకు ఎవరు జవాబు చెబుతారు?

ఆ క్రిమి చేసే పని చెబుతాను వినండి. కాటు వేసిన చోటి నుంచి నరం వెంట మెల్లిగా మెదడుకు పాకుతుంది. అందుకు ఒకటి నుంచి మూడు నెలలు పట్టడం మామూలు. కొందరిలో వారమే పట్టవచ్చు, కొందరిలో ఏడాది పట్టవచ్చు. ఆ లోపల టీకా వేయించుకుంటే బతుకుతారు. మెదడుకు చేరి, నీళ్ళు చూస్తే భయపడే లక్షణం కనబడ్డాక ఏ పట్నంలో ఏ పెద్ద డాక్టరూ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. పైగా కుక్కలో జబ్బు లక్షణం బయటపడడానికి కొద్ది రోజుల ముందు నుంచే దాని చొంగలో విషం ఉంటుంది. అంటే, ఆడుతూ పాడుతూ తోక ఊపుతూ ఉన్నప్పుడే!

కుక్కపిల్ల పాలపళ్ళు సూదిమొనల్లాంటివని పెంచినవాళ్ళందరికీ తెలుసు. ఆడుతూ కొరుకుతుంది. చిన్న ఎర్రచుక్క. ఆ చుక్కను పిల్లవాడు అమ్మకు చూపిస్తాడా? చూపించడు. ఎందుకు చూపించడో తల్లులకు నేను చెప్పాలా? చూపిస్తే అమ్మ కేకలేస్తుంది. సాయంత్రం నాన్న రాగానే టామీని గోనెసంచిలో వేసి కోట అవతలో, జమ్మిచేడు దారిలోనో వదిలేసి వస్తారు. అందుకని గాయాన్ని చొక్కా చేతి కింద దాచుకుంటాడు. స్నేహితుణ్ణి కాపాడుకుంటున్నాననుకుంటాడు పిచ్చితండ్రి. ప్రపంచంలో రేబీస్‌తో పోయే ప్రతి పదిమందిలో నలుగురు పదిహేనేళ్ళ లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2022, 2023 సంవత్సరాల్లో 15 రాష్ట్రాల్లో ఇల్లిల్లూ తిరిగి చేసిన అధ్యయనం ప్రకారం ఏటా సుమారు 5,700 మంది ఈ జబ్బుతో పోతున్నారు. మన గుమ్మంలో తిరిగే ఆ చిన్న టామీకి సకాలంలో సూది పడి ఉంటే, పిల్లవాడు దాచుకున్న ఆ ఎర్రచుక్క ఇంత పెద్ద భయం కాదు.

కరిచాక చూసుకోవచ్చు అనే ధీమా మన వాళ్ళకు ఎప్పుడూ ఉంది. గాయం మీద కారప్పొడి అద్దేవాళ్ళున్నారు, సున్నం పూసేవాళ్ళున్నారు, ఏడు బావుల్లోకి తొంగి చూడమనే ముసలమ్మలున్నారు. దయచేసి ఇవేవీ చేయకండి. కొళాయి కిందో, చెంబుతో పోస్తూనో సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి మరీ కడగండి. కట్టు కట్టకుండా తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. టీకా వేయించిన కుక్క కరిచినా డాక్టరుకు చూపించవలసిందే.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లనే భయం ఇంకా కొందరిని పీడిస్తోంది. అది పాత సంగతి. గొర్రె మెదడుతో తయారుచేసిన ఆ మందును మన దేశంలో 2004తోనే ఆపేశారు. ఇప్పటి సూదులు చేతికే, నాలుగో అయిదో. గాయం లోతుగా ఉంటే అక్కడే మరొక మందు కూడా పొడుస్తారు.

ఈ టీకా మనకు ఉత్తపుణ్యానికి రాలేదు. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ దగ్గరికి ఒక తల్లి తొమ్మిదేళ్ళ కొడుకును తీసుకొచ్చింది. పిచ్చికుక్క ఒళ్ళంతా కరిచిన పిల్లవాడు. అప్పటిదాకా మనిషికి వేసి చూడని మందు. వేయకపోతే ఎలాగూ పోతాడు. ఆ తల్లి సరేనంది. పదకొండు రోజుల్లో పదమూడు సూదులు. పిల్లవాడు బతికాడు. మన దక్షిణాదిలో 1902లో ఒక ఇంగ్లీషు యువతి ఈ జబ్బుతో పోయాక, 1907లో కూనూరులో పాశ్చర్ పేరుతోనే సంస్థ వెలిసింది. ఇప్పుడు మనిషికీ కుక్కకూ కూడా ఈ టీకాలు తయారుచేసే సంస్థ, 1982లో పుట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్, మన హైదరాబాదు గచ్చిబౌలిలోనే ఉంది. గద్వాల నుంచి రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు. అంత దగ్గర తయారయ్యే మందు మన వీధిలోకి రావడానికి అడ్డం ఎవరు? దూరం కాదు, మన ఉదాసీనం.

ఇక ఇంటాయన ఖర్చు మాట. ఒక్కసారి లెక్క చూద్దాం. కుక్కపిల్లకు రేబీస్ సూది కొన్ని వందల రూపాయల పని. పార్వో వచ్చాక సెలైన్లు ఎక్కించే ఖర్చు దానికి ఎన్నో రెట్లు, ఆపైన బతుకుతుందన్న నమ్మకం లేదు. పాశ్చర్ సూది వేసిన ఆ జూలై 6నే ఏటా జూనోసిస్ దినమని జరుపుతారు. ఆ రోజున ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా రేబీస్ టీకాలు వేస్తారు. అయినా కుక్కను పెంచడానికి డబ్బుంది, బిస్కెట్లకు డబ్బుంది, సూదికి లేదనే మాటను ఇంటి జమాఖర్చులు చూసే ఏ ఇల్లాలూ నమ్మకూడదు. ఒక గద్వాల చీర కొనేటప్పుడు అంచు పట్టుదేనా, ఒంటికి కలిసిన చోట కుప్పడం సరిగ్గా పడిందా అని పోగు పోగునా తడిమి చూస్తామే! ఆ చూపులో పదోవంతు ఇంట్లోకి తెచ్చుకునే ప్రాణి మీద పెట్టకూడదా?

పైగా ఈ నిర్లక్ష్యానికి మూల్యం మనమే చెల్లిస్తామా? మన కుక్క ముందుగా ఎవరిని కరుస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? తెల్లవారుజామున వచ్చే పాలబ్బాయిని, చీరల మూట భుజాన వేసుకొచ్చే మనిషిని, తల్లి అంట్లు తోముతూంటే మన పెరట్లో ఆడుకునే పనిమనిషి కూతుర్ని. వాళ్ళకు ఆసుపత్రికి అయిదుసార్లు తిరగడమంటే అయిదు రోజుల కూలి. మూడోసారికి మానేస్తారు. అడిగితే, "మానిందిలే అమ్మా" అంటారు. గాయం మానుతుంది, క్రిమి మానదు. మన ముచ్చట కోసం పెంచుకున్న కుక్క వల్ల ఆ పిల్లకు ప్రాణం మీదికొస్తే, అది దాని ఖర్మ అనేసి ఊరుకుందామా?

వీధికుక్కల సంగతేమిటని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు చంపేసినప్పటి నుంచి ఆ వాదన ఆగలేదు. చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2025 ఆగస్టు 22న కోర్టు, పిచ్చెక్కినవాటినీ మీదపడి కరిచేవాటినీ మినహాయించి, మిగిలినవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలమంది. ప్రతి వందలో డెబ్బై కుక్కలకు టీకా పడితే రేబీస్ పాకడం ఆగుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. గోవాలో ఏటా సుమారు లక్ష కుక్కలకు వేసి, 2021లో రేబీస్ అదుపులోకి వచ్చిన ప్రాంతంగా ప్రకటించుకున్నారు. మెక్సికో దేశంలో కుక్కల వల్ల వచ్చే రేబీస్‌తో మనుషులు చనిపోవడం ఆగిపోయిందని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థే ధ్రువపరిచింది. మునిసిపాలిటీ తన డెబ్బైకి లెక్క చెప్పవలసిందే, నేనూ అడుగుతాను. కాని నా ఇంట్లో గొలుసు వేసి కట్టుకున్న ఆ ఒక్కదాని లెక్క మునిసిపాలిటీది కాదు కదా!

నవలల్లో ఒక ముచ్చట ఉంటుంది. నాయకుడు వెదురుబుట్టలో రిబ్బను కట్టిన తెల్లటి కుక్కపిల్లను తెచ్చి నాయిక ఒళ్ళో పెడతాడు. ఆమె బుగ్గకానించుకుంటుంది, అతను తన్మయుడవుతాడు, అక్కడితో ప్రకరణం ముగుస్తుంది. నా చేతిలో పడితే ఆ నాయిక మొదట, "దీని టీకాల పుస్తకం ఏదండీ?" అని అడుగుతుంది. పుస్తకం లేకుండా బుట్ట ఒక్కటే తెచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకోదు. అంత బాధ్యత లేనివాడు రేపు బిడ్డ జ్వరానికి మేలుకుంటాడని ఏం నమ్మకం?

ఈ పని ఆడవాళ్ళ వల్లే అవుతుందని నేనెందుకంటున్నానో చెబుతాను. మన అమ్మల తరం వాళ్ళ జబ్బమీద చూడండి, మశూచి టీకా మచ్చ ఉంటుంది. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టుకున్న ఇళ్ళలోంచే పిల్లల్ని ఎత్తుకెళ్ళి ఆ టీకా వేయించిన తల్లులున్నారు. 1975 తర్వాత ఈ దేశంలో మశూచి లేదు. పోలియో చుక్కల ఆదివారాల్లో పిల్లల్ని చంకనేసుకుని వరసల్లో నిలబడిందీ తల్లులే. 2011 జనవరి తర్వాత ఇక్కడ అడవి పోలియో వైరస్ ఒక్క పిల్లవాడి కాలునూ తీసుకోలేదు. అంత పని చేసినవాళ్ళం, ఒక కుక్కపిల్లను గంపలో పెట్టుకుని పశువుల ఆసుపత్రి దాకా వెళ్ళలేమా?

కనుక ఎవరైనా కుక్కపిల్లను ఇస్తానంటే ముందు రెండు నెలలు నిండాయో లేదో అడగండి. నిండకుండా తల్లి నుంచి విడదీయడం పాపం. తెచ్చిన వారంలోపు పశువుల డాక్టరుకు చూపించండి. సూదుల తేదీలన్నీ వంటింటి కాలెండరులో, పాలవాడి లెక్క పక్కనే, ఎర్రసిరాతో రాసుకోండి. ఆఖరి సూది పడి రెండు వారాలయ్యేదాకా వీధిలోకి తిప్పకండి. ఇంట్లో పిల్లలకు ఒక మాట ఇవ్వండి. "అది కొరికితే నాకు చెప్పు, దాన్ని ఎక్కడా వదిలిపెట్టను" అని. ఆ మాట మీద నిలబడండి.

ఇక ఎవరింటికైనా వెళ్ళినప్పుడు కుక్కపిల్ల కాళ్ళకు చుట్టుకుంటే, పేరేమిటని తర్వాత అడగవచ్చు. ముందు సూది సంగతి అడగండి. ముఖాలు ముడుచుకుంటే ముడుచుకోనివ్వండి. నా కాఫీ ఎన్నో ఇళ్ళలో అలా చల్లారిపోయింది. నేను అడగడం మానలేదు.